స్పీకర్ కొనేముందు వెనకవైపు చూడండి

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడి, గుణుపురం వైపు చిన్న పాటల ప్లేయర్లు వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాటికి స్పీకర్ కొనేముందు వెనకవైపు 3.5 మి.మీ. ఆక్స్ రంధ్రం (ప్లేయర్ నుంచి వచ్చే తీగ గుచ్చేది) ఉందో లేదో చూడాలి. చాలా కొత్త స్పీకర్లకు అది తీసేశారు. బ్లూటూత్ లేని ప్లేయర్‌కు అలాంటివి దండగే. డబ్బా మీద వేలల్లో కనిపించే పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) వాట్లు ఉత్త ఆర్భాటం, ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల శక్తి) అంకె అడగండి. గదిలోకి 5 వాట్లు చాలు, అరుగు మీద భజనకైతే 10 నుంచి 20 కావాలి.

కొట్లోనే మీ ప్లేయర్ తగిలించి వినండి. ప్లేయర్ వాల్యూమ్ ముప్పావు వంతులో ఉంచి, మిగతాది స్పీకర్‌లో పెంచండి. రెండూ చివరికంటా తిప్పితే డోలు దెబ్బ పడ్డప్పుడల్లా గరగరమంటుంది. స్పీకర్ పోయిందని తిరిగిచ్చేవాళ్లూ ఉన్నారు! ఛార్జింగ్‌లో ఉన్నప్పుడే గుయ్‌మంటే ముందు ఛార్జర్ మార్చి చూడండి.

పాటలు దాచే మెమరీ కార్డుల్లో 64 జీబీ, అంతకు మించినవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ల అమరికలో వస్తాయి, చవక స్పీకర్లు చాలావరకు వాటిని చదవవు. పాటలు వేరేచోట దాచుకుని కార్డును ఫ్యాట్32 అనే పాత అమరికలోకి ఫార్మాట్ చేయాలి. 32 జీబీ కార్డు కొంటే ఈ తంటా ఉండదు.

దుకాణదారులు ధర చీటీ మీదే ఆర్ఎంఎస్ వాట్లు, ఆక్స్ వివరం రాయాలని మా కోరిక.

– ఎలక్ట్రానిక్స్ మరమ్మతు పనివారు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా