చిన్నాకు, ఆర్బిటల్ అన్నదమ్ముల గురించి

చిరంజీవి చిన్నాకు, అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆర్బిటల్ ఆల్బమ్‌లన్నీ విన్నాను. కొన్నిటిని మళ్ళీ మళ్ళీ విన్నాను. వాళ్ళ గురించి దొరికినంత చదివాను కూడా. పెళ్ళిలో మీ మావయ్య అందరి ముందూ "వీడిది సంగీతం ఏంటి, బటన్లు నొక్కడమే కదా" అన్న దగ్గర్నుంచి నువ్వు ల్యాప్‌టాప్‌లో పాటలు కట్టే ఆ సాఫ్ట్‌వేర్ తెరవనే లేదని నీ ఫ్రెండ్ చెప్పాడు. ఫోన్లో అడిగితే "అదేం లేదమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఆర్బిటల్ అంటే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం చేసే ఇద్దరి జట్టు కదా. ఆ ఇద్దరూ, ఫిల్ హార్ట్‌నాల్, పాల్ హార్ట్‌నాల్, సొంత అన్నదమ్ములు. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతం, సెవెనోక్స్ దగ్గరి కుర్రాళ్ళు. 1989లో ఇంట్లోనే, నాన్నగారి క్యాసెట్ డెక్ మీద 'చైమ్' అనే ట్రాక్ రికార్డు చేశారు. ముందు ఒక చిన్న లేబుల్ దాన్ని బయటికి తెచ్చింది. 1990లో పెద్ద లేబుల్ మళ్ళీ విడుదల చేస్తే బ్రిటన్ చార్టుల్లో 17వ స్థానం దాకా వెళ్ళింది. బీబీసీ వాళ్ళు 'టాప్ ఆఫ్ ది పాప్స్' అనే టీవీ పాటల కార్యక్రమానికి పిలిస్తే, అప్పటి థాచర్ ప్రభుత్వం తెచ్చిన పోల్ టాక్స్‌ను, అంటే తలకింత అని వేసే పన్నును, వ్యతిరేకించే టీషర్టులు వేసుకుని వెళ్ళారు. లండన్ చుట్టూ తిరిగే ఎం25 ఆర్బిటల్ రోడ్డు పేరే తమకు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో కుర్రకారు కార్లేసుకుని ఆ రోడ్డు పట్టుకునే రాత్రిపూట డ్యాన్స్ పార్టీలకు వెళ్ళేవారట.

ఇక మావయ్య మాటకొద్దాం. అవును, వాళ్ళు బటన్లే నొక్కుతారు. కానీ ఎలా నొక్కుతారో చూడు. వేదిక మీద ముందే రికార్డు చేసిన పాట వేసి చేతులు ఊపరు. బాస్, డ్రమ్స్, మెలొడీ అన్నీ చిన్న చిన్న ముక్కలుగా సీక్వెన్సర్లలో, అంటే పెట్టిన స్వరాలను వరసగా తిప్పి వాయించే యంత్రాల్లో, పెట్టుకుంటారు. ఏ ముక్క ఎప్పుడు లోపలికి రావాలో, ఏది ఎప్పుడు ఆగాలో, ఎంతసేపు తిరగాలో జనాన్ని చూసి అక్కడికక్కడే తేల్చుకుంటారు. అందుకే ఒక ఊళ్ళో వాయించినట్టు ఇంకో ఊళ్ళో ఉండదు. వాళ్ళ నుదుటి దగ్గర వెలిగే ఆ లైట్ల కళ్ళద్దాలు కూడా స్టైల్ కోసం మొదలైనవి కావు, చీకట్లో బటన్లు కనబడాలని పెట్టుకున్నవి.

నాకు ఇది అర్థం కావడానికి పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. కృతి పాడేటప్పుడు పల్లవిలో ఒకే పంక్తిని ఎన్నిసార్లు తిప్పుతాం? ప్రతి సంగతికీ కొంచెం కొత్తదనం చేరుతుంది, సాహిత్యం మాత్రం అదే. మొదటి సంగతి దగ్గరే లేచి వెళ్ళిపోయినవాడికి "పాడిందే పాడుతోంది" అనిపిస్తుంది. కూర్చున్నవాడికి తెలుస్తుంది. 'చైమ్'లో ఆ గంటల్లాంటి స్వరాలు మొదటి నిమిషంలో ఒకలా, నాలుగో నిమిషంలో ఇంకోలా వినబడతాయి. స్వరాలు మారవు, చుట్టూ ఉన్నవి మారతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, 'హాల్సియన్' ఒక ఎత్తు. నువ్వు దాన్ని నాకు పంపినప్పుడు "బాగుంటుంది విను" అన్నావు, అంతే. అది వాళ్ళ అమ్మ కోసం చేసిందని నీకు తెలుసో లేదో. ఆవిడ హాల్సియన్ అనే మత్తుమాత్రకు ఏళ్ళ తరబడి అలవాటుపడిపోయారు. ఆ మందును బ్రిటన్‌లో 1991లో ఆపేశారు. మరుసటి ఏడాది కొడుకులిద్దరూ ఈ పాట చేసి అమ్మకు అంకితమిచ్చారు. 1993 ఆల్బమ్‌లో ఉన్న రూపం తొమ్మిది నిమిషాల పైనే. అందులో ఆడగొంతు కర్స్టీ హాక్‌షాది. ఆమె వేరే పాటలో పాడిన ముక్కను తీసుకుని వెనక్కి తిప్పారు. మాటలు తెలియవు, గొంతు మాత్రం తేలిపోతూ ఉంటుంది. మాత్ర వేసుకున్న మనిషికి లోకం అలాగే వినబడుతుందేమో అనిపించింది నాకు. అందులో కోపం లేదు, జాలి కూడా లేదు. అమ్మ ఎక్కడికి వెళ్ళిపోయిందో అక్కడిదాకా వెళ్ళి పక్కన కూర్చున్నట్టుంది. బటన్లు నొక్కి చేసిన పాటే చిన్నా ఇది. వింటూ నేను ఏడ్చాను.

'బెల్‌ఫాస్ట్' కూడా నాకు చాలా నచ్చింది. బాంబులు, కాల్పులు ఆగని రోజుల్లో, 1990లో ఉత్తర ఐర్లండ్‌లోని ఆ ఊరికి వెళ్ళి వాయించారు. అక్కడి కుర్రాళ్ళు చూపించిన ఆదరణ మర్చిపోలేక ట్యూన్‌కు ఊరి పేరే పెట్టారు. మధ్యలో వచ్చే ఆ గానం 12వ శతాబ్దపు జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ కట్టిన స్తోత్రం. ఎనిమిది వందల ఏళ్ళ నాటి భక్తిగీతాన్ని డ్యాన్స్ పాటలో పెట్టి, దాని గౌరవం ఇసుమంత కూడా తగ్గకుండా చూడటం తేలికనుకోకు.

1994లో బ్రిటన్ ప్రభుత్వం ఆ రాత్రిపూట డ్యాన్స్ పార్టీలను ఆపడానికి ఒక చట్టం తెచ్చింది. ఆగకుండా తిరిగి తిరిగి వచ్చే బీట్లు ఉన్న సంగీతం అంటూ ఏకంగా చట్టంలోనే రాశారు. ఆర్బిటల్ వాళ్ళు దానికి జవాబుగా ఆ బిల్లు పేరుతోనే ఒక ట్రాక్ వేశారు. నాలుగు నిమిషాల పాటు అందులో చప్పుడే ఉండదు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో జరిగే గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో వాళ్ళు వాయించిన రాత్రి గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. గిటార్ పట్టుకోనివాళ్ళు అంత పెద్ద జనాన్ని కట్టిపడేయగలరా అన్న అనుమానం ఆ రాత్రితో చాలామందికి పోయింది.

వాళ్ళిద్దరికీ పడని రోజులూ ఉన్నాయి. 2004లో విడిపోయారు, 2009లో కలిశారు, 2014లో మళ్ళీ విడిపోయారు, 2017లో మళ్ళీ కలిశారు. 2023లో కూడా కొత్త ఆల్బమ్ తెచ్చారు. నీకూ నీ ఫ్రెండ్‌కీ ఆ బాస్‌లైన్ దగ్గర వచ్చిన గొడవ గురించి నువ్వు అంత టెన్షన్ పడక్కర్లేదని దీన్ని రాశాను.

ఇంకొక్కటి. 2012 ఆగస్టు 29న లండన్ పారాలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఆర్బిటల్ వాయించింది, జబ్బు వల్ల మాట పోయిన శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ గొంతుతో కలిపి. ఆయన గొంతు కంప్యూటర్‌లోంచి వచ్చేది. కదిలించగలిగిన కొద్దిపాటి కండరంతో ఒక్కో మాటా ఎంచుకుని యంత్రం చేత పలికించేవారు. ఆయన మాట్లాడలేదని, యంత్రం మాట్లాడిందని ఎవరైనా అన్నారా? ఆ మాటలు ఆయనవి. మీ మావయ్య ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఈ సంగతి నేనే చెబుతాను, నువ్వు వాడితో వాదన పెట్టుకోకు.

సంక్రాంతికి నాకు హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించిన ట్రాక్ ఉంది కదా, డ్రమ్స్ ఆగిపోయి ఒక్క తీగ లాంటి శబ్దం మాత్రం మిగిలేది. అక్కడ నువ్వు తొందరపడి డ్రమ్స్ మళ్ళీ తెచ్చేశావు. ఆ శబ్దాన్ని ఇంకొంచెంసేపు అలాగే ఉంచి చూడు. బాగుండకపోతే పాతదే ఉంచు. ఏదైనా సరే, పూర్తి కాకపోయినా ఆదివారంలోగా నాకు పంపు. నాన్న కొత్త స్పీకర్ కొన్నారు, దాని మీద వింటాం.

వేళకు తిను.

ప్రేమతో,
అమ్మ