అయిదు నిమిషాల్లో అడగాల్సింది అడగండి

సంపాదకులకు నమస్కారం.

క్రిస్మస్‌కు ముందు వారాల్లో ఆదివారం ఆరాధనలో పరిచర్యల (క్రైస్తవ సేవా సంస్థల) కానుకల విన్నపాలు వరస కడతాయి. ఒక వారం పిల్లల గృహం, మరో వారం బైబిలు అనువాదం, ఆపై వారం జైలు పరిచర్య. పాస్టర్ గారు 5 నిమిషాలిస్తే మాట్లాడేవారు 15 తీసుకుని, చివరికి ‘ప్రభువు ప్రేరేపించిన కొద్దీ ఇవ్వండి’ అని దిగిపోతారు. ఎంత కావాలో, దేనికో, ఎవరి చేతికివ్వాలో విన్నవారికి తెలియదు. ఆపైన సంఘానికి ఇచ్చే మనసు లేదని నొచ్చుకుంటారు. కానుకల లెక్కలు చూసేవాళ్లుగా మా మాట: లోపం చాలాసార్లు విన్నవారిది కాదు, అడిగిన తీరుది.

వేదిక ఎక్కకముందే సగం పని అయిపోవాలి. పాస్టర్ గారినీ కోశాధికారినీ రెండు మూడు వారాల ముందే కలవండి. మాట్లాడేది ప్రసంగానికి ముందా, తర్వాతా? ఆ రోజే ప్రత్యేక కానుక పట్టవచ్చా, ఇంత ఇస్తామని రాసిచ్చే వాగ్దాన పత్రాలతో సరిపెట్టాలా? డబ్బు సంఘం ఖాతా మీదుగా వెళ్లాలా, నేరుగానా? ఈ చివరిది అడగనివాళ్లే ఎక్కువ. మామూలు కానుకల సంచిలోనే ఈ డబ్బూ పడితే ఏది దేనికో తర్వాత ఎవరూ విడదీయలేరు. వేరే రంగు కవర్లు పంచితే ఆ చిక్కు ఉండదు.

ఇక మాటలు. కాగితం మీద పెట్టి, గడియారం చూసుకుంటూ గొంతెత్తి చదవండి. మనసులో చదువుకున్న వేగం మైకు ముందు ఉండదు. పక్కన అనువాదకుడుంటే మీకు దక్కేది రెండున్నర నిమిషాలే. ఇది మరిచిపోయి పూర్తి పాఠంతో వచ్చినవారు సరిగ్గా అడగాల్సిన చోటికి చేరేసరికి సమయం అయిపోతుంది. మీరెవరో చెప్పడానికి అర నిమిషం చాలు. సంస్థ పుట్టుపూర్వోత్తరాలు, కమిటీ సభ్యుల పేర్లు అక్కర్లేదు. తర్వాత ఒకటిన్నర నిమిషం ఒకే ఒక్కరి పరిస్థితి చెప్పండి. ముగ్గురి గురించి చెబితే ఒక్కరూ గుర్తుండరు. ఆ ఒక్కరి అనుమతి లేకుండా పేరు, ఫొటో వాడవద్దు, పిల్లలైతే మరీను.

అవసరాన్ని లెక్కతో చెప్పండి. ‘ఎన్నో అవసరాలున్నాయి’ అన్నది లెక్క కాదు. ఖర్చును వాటాలుగా విడగొట్టండి: ఒక వాటా అంటే ఒక బిడ్డ నెల చదువు ఖర్చు, కావలసినవి 120 వాటాలు, 40 కుటుంబాలు నెలకొకటి చొప్పున 3 నెలలు మోస్తే చాలు. అప్పుడు ప్రతి ఇంటివారూ తమ పద్దుతో సరిచూసుకోగలరు. ఇందులో కార్యాలయ ఖర్చు ఎంతో, కోరినదానికి మించి వస్తే మిగులు ఎటు పోతుందో కూడా అప్పుడే చెప్పేయాలి. ఎవరో లేచి అడిగేదాకా ఆగితే ఏ జవాబైనా సంజాయిషీలాగే వినిపిస్తుంది.

అడిగాక ఆగాలి. చాలామందికి చేతకానిది ఇదే. నిశ్శబ్దం భరించలేక మళ్లీ మాటలు మొదలుపెడతారు. పత్రాలూ పెన్నులూ ముందే కుర్చీల్లో పెట్టించి, నింపడానికి ఒక నిమిషం వదిలి, అక్కడే తిరిగి తీసుకోండి. ఇంటికి వెళ్లిన పత్రం చాలావరకు బైబిలు పేజీల మధ్యే ఉండిపోతుంది. ఎవరెంత ఇస్తారో చేతులెత్తించి అడగడం మాత్రం వద్దు. ఇవ్వలేనివారిని అది పదిమందిలో నిలబెడుతుంది. ‘ఇస్తే నూరంతలు తిరిగొస్తుంది’ అని ఆశ పెట్టడం అంతకన్నా తప్పు. కొత్తగా వచ్చినవారికి ఈ కానుక మీ మీద భారం కాదని ఒక్క మాట చెబితే బాగుంటుంది.

తెర మీద క్యూఆర్ కోడ్ చూపేవారికి ఒక కొలత: కోడ్ వెడల్పుకు సుమారు 10 రెట్ల దూరం వరకే ఫోన్ దాన్ని చదువుతుందని లెక్క వేసుకోవాలి. వెనక వరస 10 మీటర్ల దూరంలో ఉంటే కోడ్ మీటరు వెడల్పుండాలి. అంత తెర లేకపోతే పత్రం మీదే అచ్చు వేయించండి. స్కాన్ చేయగానే సంస్థ పేరు కాక ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే డబ్బు పంపబోయిన వేలు ఆగిపోతుంది. ఆగడమే సరి కూడా.

డబ్బు విషయంలో ఇలా సరిచూసుకోవడం అపనమ్మకం కాదు. యెరూషలేములోని పరిశుద్ధుల (విశ్వాసుల) కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు, డబ్బు తీసుకెళ్లేవారిని మీరే ఎంచుకోండని కొరింథు సంఘానికి రాశాడు. తన మీద నింద రాకూడదని తన సహచరుడు తీతుకు తోడు సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి కూడా పంపాడు. అపొస్తలుడికే సాక్షులు కావలసి వచ్చినప్పుడు మనమెంత? ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు కలిసి లెక్కపెట్టి, సంతకాలు చేసి, కవరు మూసి కోశాధికారికి ఇవ్వాలి. రసీదులు వారంలోగా అందాలి. మొత్తం ఎంత వచ్చిందో మరుసటి ఆదివారమే ప్రకటించాలి, తక్కువ వచ్చినా సరే.

సంఘ పెద్దలకు ఒక మనవి. విన్నపం చేయదలచినవారిని ఆ వారం బుధవారానికల్లా తమ మాటలు ఒకే పేజీలో రాసి పంపమనండి. అందులో అంకె లేకపోతే తిప్పి పంపండి. రెండో పేజీ ఉన్నా అంతే.

ఇట్లు,
సంఘ కానుకల లెక్కలు చూసే కొందరు