దిడ్డి తలుపు తీయకపోతే

హేగ్,
ఆదివారం

తమ్ముడూ,

గోల్కొండ మొఘలుల చేతికి చిక్కకపోయి ఉంటే ఏమయ్యేదో నలుగురూ కలిసి రాస్తామన్నారు కదా. రాత మొదలుపెట్టకముందే కూర్చుని కొన్ని కట్టుబాట్లు ఒప్పుకోండి. ఇలాంటివి సగంలో ఆగేది కథ దొరక్క కాదురా, ఒకడు రాసింది ఇంకొకడు కొట్టేసినందుకు.

ముందు, మార్పు ఒక్కటే ఉండాలి. 1687 సెప్టెంబరులో ఆ రాత్రి కోటలోని సేనాని అబ్దుల్లా ఖాన్ పన్నీ మొఘలులకి దిడ్డి తలుపు (కోట గోడలోని చిన్న తలుపు) తీయలేదు. అంతే. ముందురోజు దాకా జరిగినవేవీ ముట్టుకోవద్దు. మాదన్నను బతికిద్దామని మీలో ఎవరో ఒకరు అంటారు, చూస్తూండు. కుదరదు. అక్కన్ననూ మాదన్ననూ 1686లోనే చంపేశారు. వాళ్లు కావాలంటే మార్పును ఆ ఏడాదికి జరపాలి, అప్పుడది వేరే కథ. నిజాముల మూలపురుషుడు ఖ్వాజా ఆబిద్ కూడా ముట్టడి మొదట్లోనే ఫిరంగి దెబ్బకి పోయాడు. మనవడు కమరుద్దీన్‌కి ఆ సెప్టెంబరుకి 16 ఏళ్లు, అతన్ని వాడుకోండి.

ఇక పుట్టనివాళ్ల సంగతి. ఆ రాత్రి మారితే ఆ తర్వాత ఎవరు ఎవరికి పుడతారన్నదీ మారుతుంది. దక్కన్‌లో 1688 మధ్య నుంచి అసలు చరిత్రలో పుట్టినవాళ్లెవరూ మీ కథలో ఉండకూడదు. ఐరోపాకి ఈ గాలి తగలడానికి 20 ఏళ్లు గడువివ్వండి. ఆ లెక్కన 1697లో పుట్టిన ఫ్రెంచి దొర డూప్లే ఉంటాడు, ఇటు వస్తాడని మాత్రం లేదు. 1725లో పుట్టిన ఇంగ్లీషు క్లైవు ఉండడు.

అందరూ జారిపడేది ఇంకోచోట. తలుపు మూసి ఉంటే తానీషా గెలిచినట్టేనని రాసేస్తారు. వానలు, కరువు, రోగాలు మొఘలు డేరాల్ని కుదిపేశాయి, జూన్‌లో పెట్టిన మందుపాతరలు వాళ్ల మీదే పేలాయి, అయినా ఔరంగజేబు కదల్లేదు. కాబట్టి కోటలో ఎన్ని నెలల ధాన్యముందో, ఎంతమంది తింటున్నారో ముందే అంకెలు వేసుకోండి. ఆ అంకె దాటి ఎవరూ కోటను నిలబెట్టకూడదు. అసలు చరిత్రలోని సంఘటనలూ వాటంతటవే రాకూడదు. 1689లో శంభాజీని పట్టుకున్న ముకర్రబ్ ఖాన్, గోల్కొండ నుంచి ఫిరాయించిన షేక్ నిజామే. ముట్టడి ముగియకపోతే అతను మరాఠాల పన్హాళా కోట వైపు ఎందుకు వెళ్తాడు? కారణం రాస్తేనే ఆ ఘట్టం ఉంచండి.

తేదీల్లో కొంప మునుగుతుంది. అప్పట్లో ఇంగ్లీషువాళ్లది పాత (జూలియన్) క్యాలెండరు లెక్క, ఇక్కడి డచ్చి కంపెనీ కాగితాలది కొత్త (గ్రెగోరియన్) లెక్క, మధ్య 10 రోజుల తేడా. మద్రాసు కాగితంలో సెప్టెంబర్ 21 అంటే డచ్చివాళ్లకి అక్టోబర్ 1. పైగా ఇంగ్లీషువాళ్లకి మార్చి 25న కొత్త ఏడాది, అందుకని వాళ్ల 1686 ఫిబ్రవరి మనకి 1687. అందరూ కొత్త లెక్కే రాయండి, హిజ్రీ తేదీ పక్కన పెట్టండి.

పని పంపకం ఇలా: ఒకరికి కోట, ఒకరికి మొఘలు డేరా, ఒకరికి బందరు రేవు, ఒకరికి మరాఠాలు. ఒక విడతకి కథలో మూడు నెలలు, మనిషికి 800 మాటలు, గడువు వారం. ఎదుటివాడి పాత్రని అడక్కుండా చంపకూడదు. అభ్యంతరానికి రెండు రోజులు, కారణం చూపాలి. 'నాకు నచ్చలేదు' చెల్లదు. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు అయితే ముందు రాసిందే నిలుస్తుంది. ఒప్పుకున్నది మళ్లీ తిరగదోడొద్దు.

ఖాతా పుస్తకం ఒకటి పెట్టండి: తేదీ, చోటు, ఏం జరిగింది, ఎవరికి ఎప్పుడు తెలిసింది. చివరి గడి వదిలేస్తే బందరు దొరకి గోల్కొండ కబురు మర్నాడే తెలిసిపోతుంది. నడిచే మనిషి రోజుకి 30 కిలోమీటర్లనుకుంటే 340 కిలోమీటర్లకి 12 రోజులు.

మొదటి విడత అయ్యాక ఖాతా ఫోటో వాట్సాప్‌లో పెట్టు. కథ తర్వాత చదువుతాను. అమ్మని మోకాలికి నూనె రాయడం మానొద్దని చెప్పు.

అక్క