ఎలక్ట్రాన్-పాజిట్రాన్ చిత్రాల తప్పు వివరణపై ప్రచురణ సంస్థకు ఫిర్యాదు

హనుమకొండ

ప్రచురణ విభాగం అధికారి గారికి,

విషయం: మీ ఎం.ఎస్సీ. ప్రవేశ పరీక్షల భౌతికశాస్త్ర పుస్తకం, కణభౌతిక అధ్యాయంలోని చిత్రాలను, జవాబులను సరిదిద్దడం గురించి.

అయ్యా,

నేను హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ఈ ఏడాది నా మాట మీద 14 మంది విద్యార్థులు మీ పుస్తకం కొన్నారు. వారిలో పరకాల, నర్సంపేటల నుంచి రోజూ బస్సులో వచ్చేవాళ్లే ఎక్కువ. కొనమని చెప్పినవాణ్ణి నేనే కాబట్టి, అందులోని తప్పులకు వారి ముందు నేనూ జవాబుదారీనే.

ఎలక్ట్రాన్, దాని ప్రతికణమైన (అంతే ద్రవ్యరాశి, వ్యతిరేక ఆవేశం గల) పాజిట్రాన్ కలిసి మ్యువాన్ (ఎలక్ట్రాన్ లాంటిదే, బరువైన కణం), దాని ప్రతికణాల జంటగా మారే ఫైన్‌మన్ చిత్రాన్ని (కణాల చర్యను గీతలతో చూపే చిత్రాన్ని) మీరు సరిగానే గీశారు, కానీ కాలం ఏ దిక్కుకు సాగుతుందో ఎక్కడా గుర్తించలేదు. ఎడమవైపు పాజిట్రాన్ గీత మీది బాణం శీర్షం (గీతలు కలిసే బిందువు) నుంచి వెలుపలికి చూస్తున్నందున "పాజిట్రాన్ బయటికి పోతున్నది, లోపలికి వచ్చేది ఎలక్ట్రాన్ మాత్రమే" అని కింద వివరించారు. ఆ బాణం కణం కదిలే దిక్కును చెప్పదు. ప్రతికణాన్ని గుర్తించడానికి దాని గీత మీద బాణాన్ని కాలానికి ఎదురుగా వేయడం ఆనవాయితీ. మీ వివరణే నిజమైతే శీర్షంలోకి ఒక్క ఎలక్ట్రాన్ ఆవేశమే వచ్చి, ధనావేశం గల పాజిట్రాన్, ఆవేశమే లేని ఫోటాన్ (కాంతి కణం) బయలుదేరాలి, అంటే ఆవేశ నిత్యత్వ నియమమే చెల్లదు.

రెండవ తప్పు ఇంకా పెద్దది. విరామ స్థితిలో ఉన్న ఎలక్ట్రాన్, పాజిట్రాన్ అనైహిలేషన్ చెందితే (ఒకదానితో ఒకటి కలిసి నశిస్తే) 1.022 MeV (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల) శక్తి గల ఒకే ఫోటాన్ వెలువడుతుందని జవాబుల పట్టికలో అచ్చువేశారు. మొదట మొత్తం ద్రవ్యవేగం సున్నా. శక్తి ఉన్న నిజమైన ఫోటాన్‌కు ద్రవ్యవేగం సున్నా కాజాలదు. అందుకే కనీసం రెండు ఫోటాన్లు రావాలి. రెండే వచ్చినప్పుడు ఒక్కొక్కటి 0.511 MeV శక్తితో ఎదురెదురు దిక్కులకు పోతుంది. ఆసుపత్రుల్లో శరీరం లోపలి చిత్రాలు తీసే పెట్ స్కాన్ యంత్రం వెతికేది సరిగ్గా ఈ జంటనే. మ్యువాన్ చిత్రం నడుమ ఉన్న అలల గీత వర్చువల్ ఫోటాన్‌ది (చర్య మధ్యలోనే ఉండి, బయటికి రాని ఫోటాన్‌ది), అది ఏ డిటెక్టర్‌కూ చిక్కేది కాదు. దాన్ని బయటికి వచ్చిన ఫోటాన్‌గా లెక్కించడమే ఈ తప్పుకు మూలమని నా అభిప్రాయం. పైగా మ్యువాన్ ద్రవ్యరాశి సుమారు 105.7 MeV కాబట్టి, ద్రవ్యరాశి కేంద్ర చట్రంలో (మొత్తం ద్రవ్యవేగం సున్నాగా కనిపించే చట్రంలో) 211 MeVకి పైగా శక్తి ఉంటేనే ఆ జంట పుడుతుంది. విరామ స్థితి ప్రశ్నకు ఈ మ్యువాన్ చిత్రాన్ని జోడించడమే తగదు.

మూడవ తప్పు: రెండు ఫోటాన్లు వెలువడే చిత్రంలో ఆ రెండింటినీ ఒకే శీర్షం నుంచి గీశారు. క్వాంటమ్ విద్యుద్గతిశాస్త్రంలో (ఆవేశ కణాలు, ఫోటాన్ల చర్యలను వివరించే సిద్ధాంతంలో) ఒక శీర్షం వద్ద రెండు ఎలక్ట్రాన్ గీతలు, ఒక ఫోటాన్ గీత మాత్రమే కలుస్తాయి. ఇక్కడ రెండు శీర్షాలు, వాటి మధ్య ఒక ఎలక్ట్రాన్ గీత ఉండాలి, ఫోటాన్లను తారుమారు చేసిన రెండవ చిత్రాన్నీ దానికి కలపాలి.

మా విద్యార్థిని ఒకరు "సార్, ఒక్క ఫోటాన్ ఎట్ల వస్తది, ద్రవ్యవేగం సరిపోదు గద?" అని అడిగింది. అప్పటికే ఆ అమ్మాయి రెండు ఫోటాన్లని రాసి, మీ పట్టిక చూసి తన సరైన జవాబును కొట్టేసుకున్నది. అచ్చులో ఉన్నదే నిజమని నమ్మి, ఆలోచించగల పిల్ల తన ఆలోచనను తానే తుడిచేసుకోవడం నాకు చాలా బాధ కలిగించింది.

ఈ విషయం ఫోన్‌లో చెబితే, నిపుణులు తయారుచేసిన పట్టికను మార్చడం కుదరదని మీ సిబ్బంది జవాబిచ్చారు. నేను అడిగేది డబ్బు వాపసు కాదు. పై మూడు దోషాలకు సవరణ పత్రం అచ్చువేసి, పుస్తకం కొన్నవారందరికీ ఉచితంగా అందేలా చూడాలని, మీ ఆన్‌లైన్ మాదిరి పరీక్షల్లో ఈ ప్రశ్నలకు సరైన జవాబు రాసి మార్కులు కోల్పోయిన వారికి వాటిని తిరిగి కలపాలని, వచ్చే ముద్రణలో ప్రతి చిత్రానికీ కాల అక్షాన్ని గుర్తించాలని కోరుతున్నాను. తప్పులున్న పుటల నకళ్లను, నేను సరిచేసి గీసిన చిత్రాలను ఈ లేఖకు జతచేశాను. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ