విని గుర్తుపట్టే సాహిత్యం: దసరా సెలవులకు ముందు తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

ఈ విద్యాసంవత్సరం ఎనిమిది, తొమ్మిది తరగతుల తెలుగు బోధనలో ఒక మార్పు చేశాము. పద్యం, కీర్తన, హరికథ, గేయం, కథానిక వంటి ప్రక్రియల లక్షణాలను ముందుగా కంఠస్థం చేయించి, తరువాత ఉదాహరణ చూపించే పద్ధతిని పక్కన పెట్టాము. ఇప్పుడు ముందు వినిపించి, చదివించి, ఆ తరువాతే దాని పేరు చెబుతున్నాము. నోట్సు తగ్గిందేమని కొందరు తల్లిదండ్రులు అడిగారు గనుక, కారణాన్ని వివరంగా రాస్తున్నాను.

ఏ ప్రక్రియ అయినా ఎవరు, ఎక్కడ, ఎవరి కోసం పాడుతున్నారన్న దాన్ని బట్టే రూపం దిద్దుకుంటుంది. మన పిల్లలు రోజూ ఫోనులో వినే సినిమా పాటనే తీసుకోండి. పల్లవి మళ్లీ మళ్లీ వస్తుంది, చరణాలు భావాన్ని ముందుకు నడిపిస్తాయి. ఈ అమరిక పదిహేనవ శతాబ్దంలో తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనల్లోనే స్పష్టంగా కనిపిస్తుంది. నలుగురూ గొంతు కలపాలంటే అందరి నోటికీ అందే మాట పదే పదే రావాలి కదా. త్యాగరాజస్వామి (1767–1847) కృతులకు వచ్చేసరికి పల్లవి తరువాత వచ్చే అనుపల్లవి, ఒకే పంక్తిని రకరకాలుగా మలిచి పాడే సంగతులు చేరి గాయకుని విద్వత్తుకు చోటు పెరిగింది. ఈ రెంటినీ ఒకదాని వెంట ఒకటి విన్న పిల్లలకు అనుపల్లవి అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేకపోయింది.

మన విజయనగరం గురజాడ అప్పారావు గారి దగ్గర మేము ఎక్కువ రోజులు ఆగాము. ఆయన ముత్యాల సరం అన్న మాత్రాఛందస్సును (అక్షరాలు పలికే కాలాన్ని మాత్రలుగా లెక్కించే ఛందస్సును) 1910లో ప్రవేశపెట్టారు. ‘దేశమును ప్రేమించుమన్నా’ అన్న పాదాన్ని ‘దేశ – మును ప్రే – మించు – మన్నా’ అని విడగొట్టి చదివితే మూడు మాత్రలు, నాలుగు మాత్రలు, మళ్లీ మూడు, మళ్లీ నాలుగు వినిపిస్తాయి. పిల్లలు చప్పట్లతో ఈ నడకను పట్టుకున్నాక, కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళం నడక కూడా మూడు, నాలుగు కలిసిన ఏడేనని సంగీతం మాస్టారు తాళం వేసి చూపించారు. యతి ప్రాసల నియమం లేకుండానే ఆ పాదం నోటికి ఎందుకు పట్టుబడుతుందో తరగతి మొత్తానికి ఆ గంటలోనే తెలిసింది. అదే 1910లో వచ్చిన గురజాడ వారి ‘దిద్దుబాటు’ తొలి ఆధునిక కథానిక అని చాలాకాలం చెప్పుకున్నాము. భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ 1902 నాటిదని కూడా పిల్లలకు చెప్పాము. రెండూ చదివి, ఏది కథానిక లక్షణాలకు దగ్గరగా ఉందో వారే వాదించుకోవాలి.

హరికథ విషయానికి వస్తే, అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలతో ఒక్కరే కథ చెప్పి, పాడి, ఆడి, అభినయించేవారు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల నెలకొల్పినప్పుడు ఆయనే తొలి అధ్యక్షులు. మైకు లేని రోజుల్లో పెద్ద సభను గంటల తరబడి కూర్చోబెట్టాలంటే సంగీతం, సాహిత్యం, నృత్యం మూడూ ఒక్క మనిషిలో కలవవలసి వచ్చింది. బుర్రకథలో ఆ భారాన్ని ముగ్గురు పంచుకుంటారు. కథకుడు నడుమ నిలబడి చెబితే, పక్కన వంత పాడే ఇద్దరిలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం అందిస్తారు.

మన ప్రాంతపు జానపద కళలైన జముకుల కథను, తప్పెటగుళ్లను కొన్ని పుస్తకాలు చివరి పేజీలో రెండు వాక్యాలతో ముగిస్తాయి. దీన్ని నేను అంగీకరించను. జముకు అనే వాద్యం తీగను మీటుతూ రాత్రంతా కథ నడిపించడానికి ఎంత జ్ఞాపకశక్తి, ఎంత లయజ్ఞానం కావాలి! రొమ్ముకు కట్టుకున్న తప్పెటగుళ్లను వాయిస్తూ, అడుగులు వేస్తూ, ఊపిరి నిలుపుకొని పాడడానికి ఎన్నేళ్ల సాధన కావాలి! అందుకే వీటికి మేము కీర్తనకు కేటాయించినన్ని పీరియడ్లే కేటాయించాము.

ఇందులో మీ సహాయం కావాలి. దసరా సెలవుల్లో మీ ఇంటి పెద్దల నోట వినిపించే ఊడుపు పాట, పెళ్లి పాట, జోల పాట, ఏదైనా ఒకటి పిల్లల చేత రాయించండి. అమ్మమ్మ ఏ మాట ఎలా పలికితే అలాగే రాయాలి. దయచేసి పుస్తక భాషలోకి దిద్దకండి. ఈ జిల్లాల పక్కనే పనిచేసి, జనం మాట్లాడే తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారి నేల మనది. పాట ఎప్పుడు, ఏ పని చేస్తూ పాడేవారో కింద రాస్తే చాలు, అర్థం రాయనవసరం లేదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి పిల్లలను తీసుకువెళ్లేవారు, అక్కడ తప్పెటగుళ్ల బృందం ఎదురైతే కాసేపు నిలబడి, పాట ఎక్కడ ఆగి అడుగు ఎక్కడ మొదలవుతుందో గమనించనివ్వండి.

సెలవుల తరువాత తొమ్మిదో తరగతి పిల్లలను శ్రీకాకుళంలోని కథానిలయానికి తీసుకువెళ్తాము. కాళీపట్నం రామారావు గారు 1997లో స్థాపించిన ఆ గ్రంథాలయంలో తెలుగు కథలు, పాత పత్రికలు పిల్లలు స్వయంగా చూస్తారు. అనుమతి పత్రం ఈ లేఖతో జతచేశాము. పాడగలిగిన తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలు ఏ శనివారమైనా తెలుగు తరగతికి రావచ్చు. ముందురోజు కార్యాలయంలో చెబితే పీరియడ్ ఖాళీగా ఉంచుతాము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని
విజయనగరం