విషయం: ఎడమ చెవి పలకని హెడ్‌ఫోన్, రెండు చెవులూ మూసుకున్న కస్టమర్ కేర్

కస్టమర్ కేర్ పెద్దలకు,

నమస్కారం. ఈ ఉత్తరం మీలో ఎవరి చేతికి వస్తుందో నాకు తెలియదు. ఇవాళ మాట్లాడినవాళ్ళు రేపు దొరకరు, రేపు దొరికినవాళ్ళకు నిన్నటి సంగతి తెలియదు. అందుకని ఎవరి చేతికి వస్తే వాళ్ళే దయచేసి చివరిదాకా చదవండి. మధ్యలో ఇంకో డిపార్ట్‌మెంటుకు పంపించకండి.

నేను తిరుపతిలో పిల్లలకు మృదంగం నేర్పిస్తాను. మీ ఓపెన్ బ్యాక్ (చిప్పల వెనక జల్లెడలా తెరిచి ఉండే) హెడ్‌ఫోన్‌ను మీ వెబ్‌సైట్‌లోనే, పూర్తి డబ్బు ముందే కట్టి కొన్నాను. వారంటీ ఇంకా ఉంది. ఎడమవైపు శబ్దం తగ్గిపోయింది. నా సమస్య ఇంతే. ఈ ఒక్క ముక్క మీకు ఎక్కించడానికి ఉగాది ముందు మొదలుపెట్టాను, మా ఊళ్ళో గంగజాతర కూడా అయిపోయింది.

వస్తువు చెడిపోయినందుకు నాకు కోపం లేదు. మృదంగం మూత చిరగదా? చిరుగుతుంది. వేరే మూత వేయించుకుంటాం. మూతలు వేసే అతను ఫలానా రోజుకు ఇస్తానంటాడు, ఒకరోజు అటూఇటూ అయినా ఇస్తాడు, ఆలస్యమైతే తనే ఫోన్ చేసి చెబుతాడు. ఆయనకు కాల్ సెంటర్ లేదు, అందువల్లనేమో.

మొదట మీ చాట్‌బాట్‌తో మాట్లాడాను. మీ సమస్య ఏమిటి అని నాలుగు ఆప్షన్లు చూపించింది. చార్జింగ్ ఎక్కడం లేదు, ఫోన్‌కు కనెక్ట్ కావడం లేదు, ఒక ఇయర్‌బడ్ పోయింది, ఆర్డర్ ఎక్కడుంది. నాది ఇందులో ఏదీ కాదు కాబట్టి 'ఇతర సమస్యలు' నొక్కాను. మీ సమస్య ఏమిటి అని మళ్ళీ అవే నాలుగు వచ్చాయి. చాలాసేపు అలా గుండ్రంగా తిరిగాక ఒక అబ్బాయి లైన్లోకి వచ్చాడు. గొంతు మర్యాదగానే ఉంది. "సార్, బ్లూటూత్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నాడు.

ఇది వైరు హెడ్‌ఫోన్ బాబూ, దీనికి బ్లూటూత్ లేదు అన్నాను. "ఓకే సార్. అయితే రెండు గంటలు ఫుల్ చార్జింగ్ పెట్టి చూడండి" అన్నాడు. బ్యాటరీ కూడా లేదన్నాను. కాసేపు మ్యూజిక్ వినిపించాడు. (ఆ మ్యూజిక్ కూడా ఒకే స్పీకర్లోంచి వచ్చినట్టుంది.) తిరిగి వచ్చి, యాప్‌లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయమన్నాడు. మీ కంపెనీ అమ్మే వస్తువు ఎలా ఉంటుందో మీ ఉద్యోగికి కొన్న నేను వర్ణించి చెప్పాల్సి వచ్చింది. రెండు చిప్పలు, వాటి మీద జల్లెడ, ఒక వైరు, అంతే నాయనా అని చెప్పాను. "ట్రై చేసి చూడండి సార్" అని పెట్టేశాడు.

ఆ రాత్రే మెసేజ్ వచ్చింది. మీ సమస్య పరిష్కరించబడినది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని.

రెండోసారి దొరికిన అమ్మాయి అంతకంటే తెలివైనది. నా వయసు అడిగింది. చెప్పాను. "వయసు పెరిగేకొద్దీ ఒక చెవి కొంచెం తగ్గుతుంది సార్, ఒకసారి డాక్టరుకు చూపించుకోండి" అంది. అమ్మా, నేను రాయీ పుల్లా పట్టుకుని మూత చుట్టూ తట్టుకుంటూ శ్రుతి కలిపే మనిషిని. మూత అంచు చుట్టూ ఉండే కన్నుల్లో ఒకదాని దగ్గర శ్రుతి వెంట్రుకవాసి తగ్గితే పక్క గదిలోంచి చెబుతాను. అయినా నీ మాట ఎందుకు కాదనాలని ఆమె లైన్లో ఉండగానే హెడ్‌ఫోన్ తిరగేసి పెట్టుకున్నాను. అంటే ఎడమ చిప్ప కుడి చెవికి, కుడి చిప్ప ఎడమ చెవికి. తగ్గిన శబ్దం కుడి చెవికి వచ్చింది. కేబుల్ విప్పి రెండు కొసలూ అటుది ఇటు మార్చి గుచ్చాను. అప్పుడూ ఆ చిప్పే తక్కువ పలికింది. అంటే చెవిది కాదు, వైరుది కాదు, చిప్ప లోపల శబ్దం పుట్టించే డ్రైవర్‌దే తప్పు. ఇదంతా వరసగా చెబితే ఆమె శ్రద్ధగా విని, "సరే సార్, మీరు వాడే ఫోన్ ఏ కంపెనీది?" అంది.

మూడో ఆయన మాట మాత్రం నాకు ఇప్పటికీ మంటగానే ఉంది. "ఈ రేటులో హెడ్‌ఫోన్లన్నీ ఇంతే సార్, పెద్ద తేడా ఏం ఉండదు" అన్నాడు. మీ హెడ్‌ఫోన్ గురించి మీవాడే అన్న మాట ఇది! దీనికి జవాబు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

కొనేముందు నేను ఊరికే బొమ్మ చూసి కొనలేదు. మా శిష్యుడొకడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సంపాదనంతా వీటికే పోస్తాడు. వాడింట్లో రాత్రిపూట కూర్చుని, ఒకే యాంప్ (శబ్దం పెంచే పెట్టె) మీద, ఒకే కచేరీ రికార్డింగ్ పెట్టి, అన్నీ వరసగా విన్నాం. ఒకదానికి వాల్యూమ్ ఎక్కువ కావాలి, ఇంకోదానికి తక్కువ చాలు. శబ్దం రవ్వంత పెద్దగా ఉన్నదే బాగుందని చెవి మోసపోతుంది కాబట్టి ప్రతిదానికీ వాల్యూమ్ సమానం చేసుకున్నాకే విన్నాం. సెన్‌హైజర్ హెచ్‌డీ 600లో గాత్రం మా ఊరి మహతి ఆడిటోరియంలో ముందు వరుసలో కూర్చుని విన్నట్టు ఉంది. కానీ మృదంగం ఎడమవైపు గుమ్కి (జారుతూ మోగే బరువైన దెబ్బ) కొట్టినప్పుడు అడుగున ఉండే బరువు పలచబడింది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రోలో అడుగు స్వరాలూ పై స్వరాలూ రెండూ లేచి ఉన్నాయి. తాళం, వయొలిన్ కమాను చెవిలో గీసుకుంటూ పోయాయి, అరగంటకే తీసి పక్కన పెట్టాను. హైఫైమాన్ సుందర ప్లానార్ రకం, అంటే లోపల పలచటి పొర మొత్తం కదిలి పలికేది. అందులో కింది స్వరం తిన్నగా కిందిదాకా దిగింది, అది ఒప్పుకోవాల్సిందే. గొంతు మాత్రం కాస్త పొడిగా, ఒక అడుగు వెనక్కి జరిగినట్టు అనిపించింది. మీదాంట్లో గుమ్కి నిండుగా మోగి, గొంతును కప్పకుండా పక్కకు తప్పుకుంది. తంబూర జీవా (తీగల కింద దారం పెడితే వచ్చే ఝుంకారం) సన్నగా, ఎక్కడా తెగకుండా వినిపించింది. మా శిష్యుడు సెన్‌హైజరే కొనమన్నాడు. నేను మీదే పట్టుకున్నాను. ఆ రోజు వాడితో మీ తరఫున వాదించింది నేను. ఇప్పుడు "అన్నీ ఇంతే" అని మీ మనిషి నాకు చెబుతున్నాడు.

ఇంకో సంగతి. వాడు కొనమన్న ఆ సెన్‌హైజర్ 1997లో వచ్చిన మోడల్. దానికి ఇప్పటికీ ఇయర్ ప్యాడ్లు, కేబుల్ విడిగా దొరుకుతాయి. నిరుడు మీరు అమ్మినదానికి ఇవాళ మీ దగ్గర జవాబే దొరకదు.

తర్వాత వీడియో కావాలన్నారు. ఒక చెవిలో శబ్దం తక్కువ వస్తున్నట్టు వీడియో! సరే, అదీ తీశాం. నా దగ్గర నేర్చుకునే పాప ఫోన్ మైకును మొదట కుడి చిప్పకు ఆనించింది, తర్వాత ఎడమ చిప్పకు. తంబూర నాదం ఒకదాంట్లో గంటలా, ఒకదాంట్లో గోడ అవతలినుంచి వచ్చినట్టూ రికార్డయింది. బిల్లు, సీరియల్ నంబరు కూడా చూపించి పంపాం. మీ జవాబు: "వీడియోలో హెడ్‌ఫోన్ కనిపిస్తోంది కానీ సమస్య కనిపించడం లేదు." ఇది రాసినవారు దయచేసి ఒకసారి ఫోన్ సైలెంట్‌లోంచి తీసి చూడాలని ప్రార్థన.

పికప్ కథ ఇంకో రకం. మీ ఫారంలో జిల్లా అని అడుగుతుంది. నేను తిరుపతి అని వెతికితే లేదు. చిత్తూరు మాత్రమే ఉంది. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. మీ కంప్యూటర్‌కు ఇంకా ఆ కబురు అందలేదు. చేసేదిలేక చిత్తూరు అని పెట్టాను. పిన్‌కోడ్‌కు జిల్లా సరిపోలడం లేదని ఆర్డర్ రద్దయింది. ఫోన్ చేస్తే "మీరు చిత్తూరుకు దగ్గరా సార్, చెన్నైకి దగ్గరా?" అని అడిగారు. ఎలాగో పికప్ నమోదైంది. ఆ రోజు పొద్దున్నుంచీ గుమ్మం తీసిపెట్టి కూర్చున్నాను. సాయంత్రం మెసేజ్ వచ్చింది, ఇంటికి తాళం వేసి ఉంది, కస్టమర్ అందుబాటులో లేరు అని. ఆ టైముకు మా ఇంట్లో అరడజను మంది పిల్లలు ఒకేసారి తదిగిణతొం వాయిస్తున్నారు. వీధి చివరి టీ కొట్టుకు వినిపిస్తుంది. మీ డెలివరీ మనిషికి వినిపించలేదంటే ఆయన కూడా మీ హెడ్‌ఫోనే పెట్టుకుని ఉండాలి.

చెన్నైలో సర్వీస్ సెంటర్ ఉంది, నేరుగా తీసుకెళ్ళండి అన్నారు. సరే అని బస్సెక్కాను. అక్కడివాళ్ళు మేం స్పీకర్లే చూస్తాం, హెడ్‌ఫోన్ అయితే ఆన్‌లైన్‌లో పికప్ పెట్టాలి అన్నారు. ఆ పికప్ గురించి పైన రాశాను.

చివరికి సీనియర్ అనే ఆయనతో మాట్లాడించారు. నేను ఆశగా మొదటినుంచీ చెప్పుకొచ్చాను. ఆయన అంతా విని, "తిరుపతా సార్ మీది! వచ్చే నెల ఫ్యామిలీతో వస్తున్నాం. మూడొందల టికెట్లు ఏమన్నా చూడగలరా?" అన్నారు. ఈ ఊళ్ళో పుట్టినవాడికి ఈ ప్రశ్న కొత్త కాదు. చుట్టాలు, స్నేహితులు, బ్యాంకు మేనేజరు, పళ్ళ డాక్టరు అందరూ అడుగుతారు. అవి దేవస్థానం వెబ్‌సైట్‌లోనే ముందుగా ఇస్తారు, మాకైనా అంతే అని మర్యాదగానే చెప్పాను. అక్కడితో ఆయనకు నా హెడ్‌ఫోన్ మీద ఆసక్తి పోయింది. మర్నాడు చూసుకుంటే నా ఫిర్యాదు దగ్గర "కస్టమర్ సంతృప్తి చెందారు" అని ఉంది.

దర్శనం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా ఊళ్ళో యాత్రికుల వసతి భవనం శ్రీనివాసం దగ్గర వరుసలో నిలబడితే టోకెన్ మీద టైము వేసి ఇస్తారు. కొండమీద కంపార్ట్‌మెంట్లో కూర్చోబెడితే పాలు ఇస్తారు, అన్నం పెడతారు. ఎంత ఆలస్యమైనా తలుపు తెరుచుకుంటుంది. మీ లైన్లో నిలబడితే పాలూ లేవు, తలుపూ లేదు. పైగా మొదటినుంచీ మళ్ళీ రమ్మంటారు.

మా ఆవిడ మాట కూడా రాయకపోతే అన్యాయం. "ఆ డబ్బులకు కమ్మలొచ్చుండేవి, అవైతే రెండు చెవులకీ సమానంగా ఉండేవి" అంది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే ఆమెకే నేరుగా పంపండి.

నేను మీకు కొత్తవాణ్ణి కాదు. పాఠం చెప్పే గదిలో ఉన్న స్పీకరు మీదే, ఇప్పటికీ లక్షణంగా మోగుతోంది. పిల్లల తల్లిదండ్రులు ఏది కొనమంటారు మాస్టారూ అని అడిగితే ఇన్నాళ్ళూ మీ పేరే చెప్పాను. దానికి కమీషన్ అడగలేదు, కనీసం సంక్రాంతి శుభాకాంక్షల మెసేజ్ కూడా అడగలేదు (అది మాత్రం క్రమం తప్పకుండా వస్తోంది). ఇప్పుడు నేను మోనోలో ఉన్న పాత ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి కచేరీ పెడితే, రెండు చెవులకూ ఒకటే శబ్దం పోవాలి కాబట్టి ఆమె గొంతు తల మధ్యలో నిలబడాలి. కుడిపక్కకు జారి కూర్చుంటోంది. ఆమె కంచు విగ్రహం ఊళ్ళో పెట్టుకున్నవాళ్ళం మేము. ఇది మాకు చిన్న విషయం కాదు.

డ్రైవర్ మారుస్తారో, కొత్తది ఇస్తారో, డబ్బు వెనక్కి ఇస్తారో, ఆ లెక్క మీరే చూడండి. ముందు నాకు కావాల్సింది, నేను చెప్పింది మొత్తం విని "అవునండీ, చిప్ప చెడిపోయింది" అని ఒప్పుకునే ఒక మనిషి.

అదీ కుదరదంటే నాకూ దారులున్నాయి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మీరు చేసింది మూసేయడం మాత్రమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేసు వేస్తాను. ఆ చట్టం ప్రకారం నేను ఉండే ఊళ్ళోనే వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అప్పుడు మీరే తిరుపతి రావాలి. జిల్లా కాలమ్‌లో మా జిల్లా ఉందో లేదో ముందే చూసుకోండి. హెడ్‌ఫోన్ తీసుకొచ్చి జడ్జి గారి చెవికే పెడతాను, రెండు వైపులా తిరగేసి మరీ.

మా శిష్యుల బృందం ఈ ఊళ్ళోనే కాదు, చిత్తూరు, మదనపల్లి, శ్రీకాళహస్తిలో కూడా ఉంది. అందరికీ ఫోన్లున్నాయి, అందరికీ నోళ్ళున్నాయి. ఇంతకుమించి రాయను.

బిల్లు నకలు, వీడియో, మీరు మూసేసిన ఫిర్యాదుల స్క్రీన్‌షాట్లు అన్నీ జత చేశాను. ఫోన్ చేసేవారు సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య చేయకండి, పాఠం ఉంటుంది. బ్లూటూత్ గురించి అడగడానికైతే ఏ టైములోనూ చేయకండి.

ఇట్లు,
మీ పాత కస్టమరు,
తిరుపతి, తిరుపతి జిల్లా.