ఆ ఫోటో ఎవరు తీశారు?

ఉదయగిరి,
మహాలయ అమావాస్య మర్నాడు

ఒరేయ్ సీనుగా,

ఉత్తరం రాసి నాలుగు నెలలైంది, ముందు తిట్టేయి. అమ్మ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి, నిమ్మకాయల ధర పడిపోయింది, నా ట్రాన్స్‌ఫర్ తేలలేదు. క్షేమ సమాచారం అయిపోయింది. అసలు సంగతి విను.

తాతకు తర్పణాలని నిన్న ఊరికొచ్చా. రాత్రి ఏడున్నరకి కరెంటు పోయింది. చాపలు తీసుకొని అందరం మిద్దె ఎక్కాం. చంద్రుడు లేడు, మబ్బు లేదు. నైరుతి మూల నుంచి నడినెత్తి మీదుగా పాలపుంత! నెల్లూరు మిద్దెల మీద అన్నేళ్లు పడుకున్నాం, ఒక్కసారన్నా కనపడిందంట్రా?

అక్క కూతురు, ఏడో తరగతి, మొదలుపెట్టింది. "మామా, మనం దాని లోపలే ఉంటే అది పైన ఎట్టా కనపడుతుంది?" నాకా, ఒళ్లు పొంగిపోయింది. పాలపుంత అంటే మన సూర్యుడున్న నక్షత్రాల గుంపు, అదే మన గెలాక్సీ. వెలుతురు ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం కదా, దీని వెడల్పు లక్ష కాంతి సంవత్సరాలు, మందం వెయ్యే, దోశ అనుకోమన్నా. అందులో ఇరుక్కున్న జీలకర్ర గింజ మనం. అంచు వైపు చూస్తే పిండంతా వరసగా అడ్డొచ్చి తెల్లటి చార. దోశ మందం వైపు చూస్తే నాలుగు చుక్కలు. నడిబొడ్డు అదుగో ధనూరాశి వైపు, 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో, అక్కడ 40 లక్షల సూర్యుళ్లంత బరువున్న, వెలుతుర్ని కూడా మింగేసే కృష్ణబిలం. మనల్ని మింగదు, అంత దూరంలో ఉన్నాం. దాని ఫోటో కూడా 2022లో బయటపెట్టారు అని ఫోన్‌లో చూపించా. పక్కనే చుట్టలు తిరిగిన పాలపుంత బొమ్మ ఉంటే అదీ చూపించా.

"మరి ఈ ఫోటో ఎవరు తీశారు మామా? బయటికి ఎవరు పోయారు?"

సీనుగా, నోరు పడిపోయింది రా. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 వ్యోమనౌక ఇంకా ఒక కాంతి సంవత్సరంలో మూడొందలో వంతు కూడా పోలేదు. ఎవరు తీస్తారు ఫోటో? అది గీసిన బొమ్మ! హైడ్రోజన్ వాయువు పంపే రేడియో తరంగాలు, గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా నక్షత్రాలకు కొలిచిన దూరాలు, వాటితో ఇంట్లో నుంచి కాలు బయట పెట్టకుండా ఊరి మ్యాప్ గీసినట్టు గీశారు. ఇరవై ఏళ్లు నేను ఫోటో అనుకున్నా. గూడూరు బస్సులో ఆ పెద్దాయనతో పందెం కూడా... సరే, అది వద్దులే.

తొమ్మిదింటికి ఈశాన్యంలో దేవయాని గెలాక్సీ చూపించా. ముగ్గు వేసిన చెయ్యి గోడకు తుడిచినట్టుందని అవ్వ అంది. పక్క గెలాక్సీ కాబట్టి దాన్ని నిజంగానే ఫోటో తీయొచ్చు అన్నా. "మన కొంప ఎట్టుందో పక్కింటోళ్లనే అడగాల్నా అయితే" అంది అవ్వ. అడిగితే, కబురు కాంతి వేగంతో పోయినా, జవాబొచ్చేసరికి 50 లక్షల ఏళ్లవుతుంది అన్నా. అవ్వ నవ్వి, కాసేపటికి "మీ తాత ఈ ముక్క వినుంటే" అని ఆగిపోయింది. నేనూ ఏమీ...

కరెంటొచ్చింది. అంతా మాయం.

ఒరేయ్, ట్రంకురోడ్డులో నలభై రూపాయలకి బేరమాడి కొన్నామే, "మనం ఇక్కడున్నాం" అని బాణం గుర్తున్న పోస్టరు, నీ దగ్గరే ఉందిగా? దాని కింద మూలలో చిన్న అక్షరాలేవో ఉండేవి. మనం ఎప్పుడూ చదవలేదు. చూసి వెంటనే రాయి, గీసిన బొమ్మ అని వాళ్లు ముందే చెప్పుంటే మాత్రం ఆ పందెం డబ్బులు... నెల్లూరు బస్సు హారన్ కొడుతున్నాడు, ఉంటా—